మేస్త్రీల భోజనాల వేళ పాడిన పాటలు

ఆ పాటలు రికార్డు చేసుకోవడానికి మాకు వారానికి ముప్పావుగంట దొరికేది. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మా ఎదురుగా కడుతున్న అపార్టుమెంటులో పని ఆగేది. డ్రిల్లింగు ఆగేది, ఇనుప చువ్వలు కోసే మిషను ఆగేది, పై అంతస్తు నుంచి కింది అంతస్తుకు కేకలు ఆగేవి. మేస్త్రీలు, కూలీలు నీడపట్టున కూర్చుని అన్నాలు తిని, ఖాళీ సిమెంటు సంచులు పరుచుకుని కాసేపు నడుం వాల్చేవాళ్ళు. వాళ్ళు లేచేలోపు ఒక పాట ఫోనులోకి ఎక్కాలి. ఎక్కకపోతే మళ్ళీ శనివారమే; ఆదివారం సందంతా పిల్లల క్రికెట్టు గోల.

ఇది ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. గోపన్‌పల్లిలో ఒక ఇంటి రెండో అంతస్తులో ఇద్దరం ఆడపిల్లలం కిరాయికి ఉండేవాళ్ళం. మా ఎదురుగా ఇంకా రెండు గేదెల కొట్టాలు ఉండేవి. వాటిని ఆనుకునే పన్నెండంతస్తుల కట్టడం లేస్తూ ఉండేది. నాది తెనాలి పక్క. ఆమెది కడప జిల్లా. ఇద్దరం గచ్చిబౌలిలో వేరు వేరు కంపెనీల్లో టెస్టింగు ఉద్యోగాలు చేసేవాళ్ళం. అంటే ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి చెప్పే పని. రోజంతా తప్పులు వెతికి ఇంటికొచ్చాక ఒకరితో ఒకరు మాట్లాడటానికి కూడా ఓపిక ఉండేది కాదు. మొదటి ఆరునెలల్లో మేం మాట్లాడుకున్నది గ్యాసు బండ గురించి, నీళ్ళ ట్యాంకరు గురించి అంతే.

నేను చిన్నప్పుడు తొమ్మిదేళ్ళు సంగీతం నేర్చుకున్నాను. ఇంజనీరింగులో చేరాక వదిలేశాను. ఆఫీసులో ఒకాయన ఊరు మారిపోతూ తన గిటారు ఎవరికైనా కావాలా అని అడిగితే, ఎందుకో చెయ్యెత్తాను. అది తెచ్చి మంచం పక్కన పెట్టుకున్నాను. అందులో ఒక తీగ ఎంత బిగించినా పావుగంటకల్లా వదులైపోయేది. దాంతోనే సొంతంగా నేర్చుకుంటూ, నాలుగు స్వరాలు కలిపి ఏవో బాణీలు అల్లుకునేదాన్ని. మాటలు మాత్రం వచ్చేవి కావు. "తానన తానన" అని పాడుకుని ఊరుకునేదాన్ని.

ఒక ఆదివారం ఆమె బట్టలు మడతపెడుతూ విని, "ఏం మే, రోజూ ఆ తానననే పాడతావు, దానికి మాటల్లేవా?" అంది.

"నాకు రాయడం రాదు," అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి ఆఫీసు నోటుపుస్తకం తెచ్చింది. ముందు పేజీల్లో మీటింగులో రాసుకున్న పాయింట్లు ఉన్నాయి. తిరగేసి వెనకవైపు నుంచి చూస్తే మాటలు. కొన్ని రెండు లైన్లు, కొన్ని పేజీ నిండా. మీటింగుల్లో తన వంతు వచ్చేదాకా కూర్చోవడం విసుగనిపించి రాసేదట. లిఫ్టు గురించి ఒకటి: "పన్నెండో అంతస్తు దాకా పన్నెండు మందిమి, పలకరింపు ఒక్కటి లేదు." నీళ్ళ ట్యాంకరు గురించి ఒకటి. హాస్టల్లో పోయిన చెప్పుల గురించి ఒకటి. అవి కవిత్వమని ఆమె అనుకోలేదు. "ఊరికే రాసినాలే," అంది. నేను చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను.

"యాడికి పోతాండావే పొద్దా, నా పని ఇంగా కాలేదు."

ఆఫీసు అద్దాల గోడ అవతల సూర్యుడు దిగిపోతుంటే, కుర్చీలోంచి లేవలేని మనిషి సూర్యుణ్ణి పిలిచి అడుగుతున్నట్టు ఆ పాట. నేను మూడు నెలలుగా గొణుగుతున్న తానన మీద అది అతికినట్టు కూర్చుంది. ఆ సాయంత్రం ఇద్దరం అన్నం వండుకోవడం మరిచిపోయి, బండి మీద ఇడ్లీ తెచ్చుకుని తిన్నాం.

అలా మొదలైంది. రికార్డు చేద్దామని అన్నది నేనే. మైకు లేదు, స్టూడియో అంటే ఏమిటో తెలీదు. నా ఫోను ఉంది. నా గదిలో బట్టల అలమర తలుపులు రెండూ తెరిచి, మడతపెట్టిన చుడీదార్ల దొంతర మీద ఫోను నిలబెట్టేవాళ్ళం. బట్టలుంటే గొంతు గోడలకు కొట్టుకుని వెనక్కి రాదని ఎక్కడో చదివాను. కిటికీకి ఆమె తల్లి పాత చీరలతో కుట్టిన బొంత వేలాడదీసేవాళ్ళం. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడే పాటకంటే ఎక్కువ వినబడేది, కాబట్టి ఫ్యాను ఆపేసేవాళ్ళం. ఏప్రిల్ నెలలో, రెండో అంతస్తులో, ఫ్యాను లేకుండా, కిటికీ మూసి. గిటారు మీద నా చెమట కారేది. ఆమె నోటుపుస్తకం పట్టుకుని నాకు మాట అందిస్తూ పక్కన నిలబడేది.

నిజానికి ఆమె పాడాలని అనుకోలేదు. నేను పాడాలి, ఆమె మాటలు చూపించాలి. కానీ పేజీ తిప్పుతూ తనకు తెలియకుండానే నాతో పాటు సన్నగా పాడేసేది. ఆమెకు శ్రుతి సరిగ్గా నిలిచేది కాదు. నేను పట్టిన స్వరానికి ఒక వెంట్రుక కింద నడిచేది. మొదటిసారి విన్నప్పుడు నేను చెప్పాను.

"నువ్వు పాడకుండా ఉండు, శ్రుతి పోతోంది."

"సరే, గమ్మునుంటాలే," అంది.

ఉండలేకపోయేది. రెండో చరణానికల్లా మళ్ళీ అందుకునేది. మళ్ళీ మొదటినుంచి తీద్దామంటే ఎదురుగా మేస్త్రీలు లేచిపోతారు. అందుకని అన్ని పాటల్లోనూ ఆమె గొంతు ఉండిపోయింది. గొంతొక్కటే కాదు, వంటింట్లో మా కుక్కరు విజిలు ఉంది. ఎవరో బోరు మోటారు వేసిన చప్పుడు ఉంది. ఒక పాట మధ్యలో కింద నుంచి ఓనరమ్మ కేక ఉంది.

"నీళ్ళు బంద్ చేస్తున్న, బకెట్లు నింపుకోండ్రి."

ఓనరమ్మది అదే ఊరు. అరవై దాటిన మనిషి. ఒకరోజు మెట్లెక్కి వచ్చి, మేం బొంత కట్టిన కిటికీ చూసి పరేషాన్ అయింది.

"ఏందిది? గింత ఎండల కిటికీ మూసుకొని ఏం చేస్తున్నరు?"

పాటలు పాడుకుంటున్నామని చెప్పి, ఫోనులో ఆ పొద్దు పాట వినిపించాం. ఓనరమ్మ అలమర పక్కన నేల మీదే కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ చివరిదాకా విన్నది. తరువాత నా వైపు చూసి, "నువ్వు మంచిగ పాడినవ్ బిడ్డా, రేడియోల పాడినట్టు," అంది. అని, ఆమె వైపు తిరిగి, "ఈ పిల్ల పాడుతుంటె మాత్రం మనిషి పాడినట్టు ఉంది," అంది.

ఆమె నవ్వేసింది. నేను కూడా నవ్వాను. ఓనరమ్మ దిగి వెళ్ళిపోయాక గిటారు సంచీలో పెడుతుంటే నా మొహం వేడిగా ఉంది. తొమ్మిదేళ్ళు తెల్లవారుజామున లేచి సాధన చేసినదాన్ని నేను. ఆ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంటూ ఉండిపోయింది. అప్పుడు దాన్ని అసూయ అని నేను ఒప్పుకోలేదు. ఓనరమ్మకు సంగీతం తెలియదులే అనుకున్నాను.

రెండు ఎండాకాలాల్లో పదకొండు పాటలయ్యాయి. తరువాత ఆమెకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాడు, అక్కడికి దగ్గర్లోనే ఇల్లు. వెళ్ళిపోయే ముందు వారం ఇద్దరం కూర్చుని సామాన్లు పంచుకున్నాం. కుక్కరు నాకు, మిక్సీ ఆమెకు. బొంత కిటికీకి అలాగే ఉండిపోయింది, తీసుకెళ్ళలేదు.

"మరి పాటలు?" అన్నాను.

"నీ ఫోన్లోనే ఉండనీలే. నేనేం చేసుకుంటా."

"ఎప్పుడైనా బయట పెడితే నీ పేరు రాస్తాను."

"నా పేరెందుకు మే. మా అత్తగారోళ్ళు చూస్తే అదొక కథ," అంది అట్టపెట్టెకు టేపు అంటిస్తూ. అలసటగా, వేరే ధ్యాసలో అన్న మాట అది. ఆ తరువాత నేను చేసినదానికి ఆ మాటనే అనుమతిగా వాడుకున్నాను.

ఆమె వెళ్ళాక ఆ గదిలోకి ఇంకెవరినీ తీసుకోలేదు. ఒక్కదాన్నే ఉన్నాను. సెలవు రోజుల్లో ఆ రికార్డింగులు వినేదాన్ని. వింటున్నకొద్దీ నా చెవికి ఆమె శ్రుతి తప్పడం తప్ప ఇంకేమీ వినబడేది కాదు. పొద్దు పాటను శుభ్రం చేసి బయట పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక ఉచిత సాఫ్ట్‌వేరు దింపుకుని, సెలవులన్నీ దానిమీదే కూర్చున్నాను. టెస్టింగు చేసేదాన్ని కదా, తప్పు ఎక్కడుందో పట్టుకోవడం, దాన్ని తీసేయించడం నాకు అలవాటైన పని. కుక్కరు విజిలు తీసేశాను. మోటారు తగ్గించాను. ఆమె గొంతును మాత్రం తీయలేకపోయాను. రెండు గొంతులూ ఒకే ఫోనులోకి, ఒకేసారి వెళ్ళినవి. ఆమెను తగ్గిస్తే నేనూ తగ్గిపోతున్నాను. చివరికి ఒక దారి తోచింది. పాత రికార్డింగు సౌండు బాగా తగ్గించి, దాని మీద మళ్ళీ నేను కొత్తగా పాడాను. గిటారు కోసం పాతది ఉంచక తప్పలేదు. నేను ఎంత వాయించినా ఆ మొదటిరోజు వాయింపు మళ్ళీ రాలేదు.

కొత్తగా పాడేటప్పుడు ఇంకో పని చేశాను. "యాడికి పోతాండావే" అన్నది "ఎక్కడికి పోతున్నావే" అని మార్చాను. "ఇంగా" అన్నది "ఇంకా" చేశాను. అందరికీ అర్థం కావాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. యాడికి మూడక్షరాలు, ఎక్కడికి నాలుగు. ఆ నాలుగోది ఇరుకులో పట్టించడానికి కొంచెం తొందరగా పాడాల్సి వచ్చింది. సరిపోయిందనుకున్నాను.

ఇంటర్నెట్‌లో పెట్టిన ఆ పాట కింద మాటలు, బాణీ, గానం అన్నీ నా పేరే రాశాను. పెట్టిన రోజు ఆమెకు చెప్పలేదు. తరువాత చెబుదామనుకున్నాను. తరువాత చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆ పాట పెద్దగా ఏమీ మోగిపోలేదు. కానీ మా ఐటీ వాళ్ళలో తిరిగింది. ఆఫీసు బస్సుల్లో విన్నామని, సాయంత్రం ఆరింటికి కిటికీ పక్కన విన్నామని ముక్కూమొహం తెలియనివాళ్ళు రాసేవారు. కొండాపూర్‌లో ఒక కాఫీ దుకాణం వాళ్ళు ఆదివారం సాయంత్రం వచ్చి పాడమన్నారు. ముప్పై మంది దాకా ఉన్నారు. పాడాను. అయిపోయాక ఒక పెద్దాయన దగ్గరకొచ్చాడు. చేతిలో ఫోను, చెవిలో తీగ.

"అమ్మా, రికార్డులో వినిపించే ఆ రెండో గొంతు ఇవాళ లేదేమండీ? వెనకాల, చాలా చిన్నగా ఉంటుందే."

"అది గొంతు కాదండీ. ఎఫెక్టు," అన్నాను.

"కాదండీ, మొదటి మాట దగ్గర బాగా తెలుస్తుంది. మీరొకటి అంటుంటే లోపల ఇంకెవరో ఇంకోటి అంటున్నట్టు ఉంటుంది. నాకు అక్కడే బాగుంటుంది."

"అలా పెట్టామండీ కావాలనే," అన్నాను.

ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. కాఫీ ఇచ్చారు, తాగలేకపోయాను. ఆటోలో ఇంటికొస్తూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఒక్క చోటు పదిసార్లు విన్నాను. పైన నేను ఎక్కడికి అంటున్నాను. అడుగున, తడిసిన గోడలోంచి వచ్చినట్టు, ఆమె యాడికి అంటోంది. నా నాలుగో అక్షరం పడేలోపే ఆమె అక్కడ లేకుండా ముందుకు వెళ్ళిపోయింది. ఇన్ని నెలలు విని కూడా నేను పట్టుకోలేని తప్పును ఆ పెద్దాయన పట్టుకున్నాడు. ఆయనకు అది తప్పుగా కాక ఇష్టంగా వినిపించింది.

అప్పుడైనా ఆమెకు ఫోను చేయాల్సింది. చేయలేదు. చేయకపోవడానికి ప్రతి వారం ఒక కారణం దొరికేది. ఆఫీసులో ప్రోగ్రాము రిలీజు ఉందనో, ఆమెకు పాప పుట్టిందట కదా ఇప్పుడెందుకనో. రెండో పాట ఎప్పుడని కొన్నాళ్ళు అడిగారు. ఇంకో పది ఉన్నాయి, పదీ ఆమె మాటలే. నేనే రాద్దామని కూర్చుంటే నోటుపుస్తకంలో ఆఫీసు పాయింట్లే వచ్చేవి. అడగడం మానేశారు. నాకు టీం లీడు ఇచ్చారు. రోజుకు నాలుగైదు గంటలు కాల్స్‌లో మాట్లాడి మాట్లాడి సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. పై స్వరాలు అందడం మానేశాయి. గిటారు సంచీ మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకోవడం మొదలైంది. ఇల్లు రెండుసార్లు మారాను. పాటలు వదిలేశానని ఎవరైనా అంటే బాధపడేదాన్నేమో కానీ, అలా అనేవాళ్ళెవరూ లేరు.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం వాన పడి గచ్చిబౌలి రోడ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా బిల్డింగులో ఆరు కంపెనీలున్నాయి. అందరూ కింద లాబీలోకి దిగి, బైకు బుక్ అవుతుందేమో, బస్సు కదులుతుందేమో అని ఫోన్లు చూసుకుంటూ నిలబడ్డారు. నేను ఒక స్తంభానికి ఆనుకున్నాను. అవతలి పక్క ఎవరో నేల మీదే కూర్చుని, చెప్పులు విప్పి, కాళ్ళు చాపి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. మెడలో పై అంతస్తు కంపెనీ కార్డు. ముందు చెప్పుల జత పెట్టిన తీరు గుర్తుపట్టాను. ఎప్పుడూ అలాగే, ఒకదానిమీద ఒకటి పెడుతుంది. తరువాత మొహం చూశాను. బాగా చిక్కిపోయింది.

వెళ్ళిపోవచ్చు. ఆమె కళ్ళు మూసుకునే ఉంది. ఒక నిమిషం ఆలోచించాను కూడా. తరువాత వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఆమె కళ్ళు తెరిచి చూసింది. ఆశ్చర్యపోలేదు.

"ఈ బిల్డింగేనా నువ్వు," అంది.

"నాలుగేళ్ళయింది. నువ్వు?"

"నెలన్నర. జీడిమెట్ల నించి రోజూ వస్తాండా. పోను గంటన్నర, రాను రెండు గంటలు. ఇయ్యాల ఎంతసేపో."

పాప గురించి అడిగాను. ఒకటో తరగతి అంది. ఓనరమ్మ బాగుందా అని ఆమె అడిగింది. ఆ ఇల్లు కూలగొట్టి అపార్టుమెంటుకు ఇచ్చేశారని, ఓనరమ్మ కొడుకు దగ్గర ఉంటోందని చెప్పాను. ఇంక నేను ఉండబట్టలేక, "పాట..." అన్నాను.

"విన్నాలే," అంది. "మా ఆడబిడ్డ పంపించింది. ఎవరో బాగ పాడినారు వదినా, వినండి అని. నా గొంతు నాకు తెలీదా."

"నీకు చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

"నీ పేరు రాయాల్సింది. నువ్వే వద్దన్నావని..." అని ఆగిపోయాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటే నాకే అసహ్యమేసింది.

ఆమె నన్ను చూడకుండా, ఎదురుగా తడి గొడుగులు పెట్టే బుట్టను చూస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"పేరు లేదని నేనేం ఏడవలేదు మే. నన్ను తీసేసి నువ్వొక్కదానివే పాడుకున్నా సరే అనుకున్నా, నాకు శ్రుతి రాదు, నిజమే. యాడికి అన్న మాట ఎందుకు మార్చినావు? అది మా నాయన మాట. మాపటేళ చేనికాడ నిలబడి మా నాయన అట్లనే అనేవాడు, యాడికి పోతాండావే, ఇంగా రెండు సాళ్ళున్నాయి అని. అది పాటలో పెట్టినాక ఆఫీసులో కూడా నాకు ఒంటరిగా అనిపించేది కాదు. నువ్వు దాన్ని ఎక్కడికి చేసినావు. ఎక్కడికి అని మా ఇంట్లో ఎవరంటారు?"

అందరికీ అర్థం కావాలని అన్న సాకు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. యాడికి అంటే అర్థం కాని తెలుగువాడు ఎవడు? అది నా నోటికి నాజూకుగా లేదు, అంతే. సంగీతం నేర్చుకున్న నోరు కదా.

"తప్పు చేశాను," అన్నాను. "ఇవాళే తీసేస్తాను."

"తీసేయొద్దులే. ఎవరో వింటాండారు కదా, విననీ." ఫోనులో బస్సు ఎక్కడుందో చూసుకుని, "పాతవి ఉండాయా?" అంది.

"ఏవి?"

"మన అలమరలో పాడినవి. విజిలు, ఓనరమ్మ కేక, అవన్నీ ఉన్నవి. ఉంటే పంపు. నేను బస్సులో వింటా."

ఉన్నాయని చెప్పాను. అప్పటికి నాకు నిజంగా తెలియదు. ఆమె బస్సు వచ్చిందని ఫోను మోగింది. చెప్పులు వేసుకుని, స్తంభం పట్టుకుని లేచింది. "పంపుతావు కదా," అని ఇంకోసారి అడిగి వానలోకి వెళ్ళిపోయింది.

పాత ఫోను ట్రంకు పెట్టె అడుగున దొరికింది. ఛార్జరు సరిపోయేది దొరకడానికి రెండు రోజులు పట్టింది. తెర మీద సగం గీతలే. పదకొండు పాటల్లో అయిదు మాత్రమే తెరుచుకున్నాయి, మిగిలినవి ఎందుకో మోగలేదు. రిపేరు షాపు అబ్బాయి చూసి, ఇవి ఇంక రావు మేడం అన్నాడు. లిఫ్టు పాట పోయింది. చెప్పుల పాట పోయింది. ఆమె నోటుపుస్తకం ఎప్పుడో పారేసిందట, కాబట్టి ఆ మాటలూ పోయాయి. నాకు గుర్తున్నవి, ఆమెకు గుర్తున్నవి కలిపినా ఒక చరణం కూడా నిండలేదు. పొద్దు పాట మిగిలింది.

ఆ శనివారం దాన్ని మొదటినుంచి చివరిదాకా విన్నాను. ఏళ్ళుగా నేను విన్నది నేను శుభ్రం చేసిందే కదా, అసలుది మరిచిపోయాను. గిటారు తీగ రెండో చరణానికి వదులైపోయింది, అది వినబడుతూనే ఉంది. నా గొంతు చక్కగా ఉంది, భయపడుతూ ఉంది, ఎక్కడా తప్పు రాకూడదని పట్టుకుని పాడుతున్నట్టు. పక్కన ఆమె ఎవరూ వినడం లేదనుకుని పాడుతోంది. ఓనరమ్మ ఆ రోజు ఎందుకలా అన్నదో అర్థమైంది. చెవికి అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టడం సిగ్గుగానే ఉంది. కానీ సిగ్గుపడే ఓపిక కూడా ఆ రోజు పెద్దగా లేదు. ఆమెకు అయిదూ పంపించాను.

సోమవారం ఉదయం బస్సులోంచి జవాబు పెట్టింది. "విజిలు మూడు వచ్చినాయి. ఆ రోజు పప్పు మాడింది, గుర్తుందా?" అంతే.

పాట ఉన్నచోట మాటలు ఆమెవని, రెండో గొంతు కూడా ఆమెదేనని పేరుతో సహా రాశాను. అడిగే రాశాను. అత్తగారి భయం ఇప్పుడు లేదని, ఆ అత్తగారే పాటను అందరికీ చూపించుకుంటోందని చెప్పింది. పక్కన అసలు రికార్డింగు కూడా పెట్టాం. దాన్ని ఎక్కువమంది వినలేదు. సౌండు బాగాలేదని ఇద్దరు ముగ్గురు రాశారు. ఆ కాఫీ దుకాణం పెద్దాయన విన్నాడో లేదో తెలియదు.

నెల తరువాత ఒక ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. పాపను వాళ్ళాయన చూసుకుంటున్నాడట. పాడదామనే వచ్చింది. నేను పొద్దున్నే లేచి గిటారు దుమ్ము తుడిచి, కొత్త తీగలు వేసి, అలమరలో చోటు చేసి ఉంచాను. ఇప్పుడు నా దగ్గర మంచి మైకు కూడా ఉంది, కాల్స్ కోసం ఆఫీసు ఇచ్చింది. ఆమె కొత్తగా రాసిందంటూ ఫోనులో ఒక పేజీ చూపించింది. బస్సులో నిలబడి కునుకు తీసే ఆడవాళ్ళ గురించి. మొదటి రెండు లైన్లకు నేను ఏదో వాయించాను, ఆమె అందుకుంది, నేనూ అందుకున్నాను. నాకు పైకి వెళ్ళేచోట గొంతు చీలింది. ఆమె దగ్గింది. గిటారు పక్కన పెట్టాను.

"వారం నించి నిద్ర లేదు మే," అంది. "శుక్రవారం రిలీజు. నిన్న పాపకు జరం."

"కాఫీ పెడతాను, కాసేపు ఒరుగు."

వంటింట్లోంచి వచ్చేసరికి దివాను మీద ఒక చెయ్యి కిందికి వేలాడేసి నిద్రపోతోంది. కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాను. లేపుదామా అనుకున్నాను. ఎంత దూరం నుంచి వచ్చింది, ఈ ఒక్క పూట కోసం ఇంట్లో ఎన్ని సర్ది వచ్చిందో. లేపలేదు. కుర్చీలో కూర్చుని ఆమె ఫోనులోని పేజీ ఇంకోసారి చదివాను. కాసేపటికి నాకూ కళ్ళు మూతపడ్డాయి.

మెలకువ వచ్చేసరికి నాలుగున్నర. ఆమె అప్పటికే లేచి, చల్లారిన కాఫీ తాగేసి, గ్లాసు కడిగి, జడ వేసుకుంటోంది.

"పాడనే లేదు," అన్నాను.

"నిద్రపోయినాం కదా, బాగుండాది," అంది. "ట్రాఫిక్ మొదలయ్యేలోపు పోవాల."

లిఫ్టు దాకా వెళ్ళాను. ఇంటికి చేరానని రాత్రి మెసేజి పెట్టింది. ఆ బస్సు పాటకు నేను అల్లిన బాణీ సగంలోనే ఉంది. ఆ తరువాత రెండు ఆదివారాలు ఆమెకు కుదరలేదు, ఒకటి నాకు కుదరలేదు. ఈ వారం వస్తానంది. మధ్యాహ్నం అన్నంలోకి పప్పు తనే చేస్తానని, నన్ను స్టవ్వు దగ్గరికి రావద్దని చెప్పింది.